సీ99 అనే ఒక్క మాట

శ్రీమతి ఆడెపు వినోద, వయస్సు నలభై ఒకటి, మెట్‌పల్లి వాస్తవ్యురాలు, మా కళాశాల కంప్యూటర్ ల్యాబ్ సహాయకురాలు, తొమ్మిదేండ్లుగా ఎరుగుదును. తెరపై ప్రతి అక్షరాన్నీ వేలితో తడుముతూ, పెదవులు కదుపుతూ చదువును. నిన్న సీ భాష పరీక్షలో, పదాలను నకలు తీసే ఫంక్షన్‌ను ఏ కంప్యూటరూ గుర్తించలేదు. "కంప్యూటర్లల ఫంక్షన్ల లైబ్రరీ ఖరాబు చేసినవ్, రేపట్నుంచి రాకు" అని ఇన్‌చార్జి సారు గద్దించి, తొలగింపు ఉత్తర్వు రాయమని గుమాస్తానైన నాకు చెప్పిరి. ఆమె తెర చదివి అన్నది: "లైబ్రరీ ఏడికి పోలే సార్, ఊకె నన్ను దొంగను చేస్తుండ్రు. కమాండ్‌ల సీ99 అని మీరే రాయించిండ్రు. గా సీ భాష కట్టుబాటుల గీ ఫంక్షన్ లేదు, గందుకే ప్రోగ్రాంను తర్జుమా చేసే కంపైలర్ దాన్ని దాచింది. జర గ్నూ99 అని కొట్టుండ్రి, గండ్ల అదనపు ఫంక్షన్లు గూడ ఉంటయ్." ఆ మాట మారగానే నలభై తెరలపై జవాబులు వెలిసినవి, ఉత్తర్వు మధ్యలోనే నా కలం ఆగినది. కావున ఆమెను విధుల్లో కొనసాగించవలసినదిగా అధికారులను సవినయంగా కోరడమైనది.