శ్రీపాదరావు చేసిన పరీక్ష

శ్రీపాదరావుది మంత్రాలయం దగ్గర గుడిసేవ చేసుకునే కుటుంబం. అన్నదమ్ములంతా పూజల్లో స్థిరపడితే ఈయన ఒక్కడే స్తంభాలెక్కి తీగలు పట్టుకున్నాడు. బళ్లారిలో టెలిఫోన్ లైన్ల పని చేస్తూ ఒకసారి కిందపడి నడుం దెబ్బతింది. ఆ ఉద్యోగం వదిలేసి ఆదోనికొచ్చి చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు.

ఆ రోజుల్లో ఆదోని పత్తి వర్తకులకు ఫోనే ప్రాణం. బొంబాయి ధర ముందుగా ఎవరి చెవిన పడితే ఆ పూట బేరమంతా వాళ్లదే. తన ఫోను పక్కవాడు వింటున్నాడేమోనని ప్రతివాడికీ అనుమానం. శ్రీపాదరావు ఆ అనుమానాన్నే బతుకుతెరువు చేసుకున్నాడు. దొంగ ఎట్లా వస్తాడో అట్లాగే తాను వచ్చి చూసి, కంత యాడుందో యజమానికి చూపించేవాడు. “మీరు పిలిస్తే వచ్చిన దొంగను నేను” అని నవ్వేవాడు. యజమాని ఒప్పుకోనిదే తీగ ముట్టేవాడు కాదు. దేన్నీ పాడుచేసేవాడు కాదు. దొరికిన సంగతి యజమానికి తప్ప రెండో మనిషికి చెప్పేవాడు కాదు. ఈ కట్టుబాటు వల్లే వర్తకులు ఆయన్ను గడప లోపలికి రానిచ్చారు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో గోపాలయ్య శెట్టి పిలిపించాడు. ఆయనకు ఆదోనిలో పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు ఫ్యాక్టరీ, ఎమ్మిగనూరులో పత్తి కొనే ఆఫీసు ఉన్నాయి. ఫ్యాక్టరీలో సొంత టెలిఫోన్ బోర్డు ఉంది. దాని ముందు కూర్చుని కమలమ్మ వచ్చిన ఫోన్లను లోపలి గదులకు కలిపేది. మొగుడు ఆ ఫ్యాక్టరీలోనే యంత్రంలో పడి చనిపోతే, శెట్టి దయతలచి ఇచ్చిన పని అది.

“స్వామీ, బొంబాయి మాట నా నోట్లో ఉండంగానే బయటోళ్లకు తెలిసిపోతాంది. ఎట్లా పోతాందో చూడు” అన్నాడు శెట్టి.

“తీగలు చూస్తాను. మనుషులను కూడా చూడాల శెట్టిగారూ. తీగ గట్టిగున్నా మనిషి మెత్తగుంటే చాలు, దొంగ అక్కణ్నుంచే వస్తాడు.”

“సూడు. నాకేం అడ్డం లేదు.”

శెట్టి బొంబాయితో మాట్లాడేటప్పుడు ఆ లైనులోకి ఎవరినీ కలపకూడదని కమలమ్మకు గట్టి ఆజ్ఞ. ఒక మధ్యాహ్నం, శెట్టి మాట్లాడే వేళ చూసి, శ్రీపాదరావు ఎమ్మిగనూరు నుంచి ఫోను చేశాడు. గొంతు మార్చాడు.

“అమ్మా, పెద్దకడుబూరు నుంచి వచ్చినాను. మా మాదన్న మీ శెట్టిగారి గదిలో ఉండాడు. బిడ్డకు ఫిట్సు వచ్చినాయమ్మా. ఆస్పత్రిలో ఉండాం. ఒక్క మాట సెప్పల్ల.”

“శెట్టిగారు బొంబాయితో మాట్లాడతాండారన్నా. కలపకూడదు.”

“బిడ్డ కండ్లు తేలేస్తాంది తల్లీ!”

బోర్డు మీద తీగ గుచ్చిన చప్పుడు వినబడింది. తర్వాత లైను కలిసింది. శెట్టి గొంతు, బొంబాయి గొంతు, ఆనాటి ధర, అన్నీ శ్రీపాదరావుకు స్పష్టంగా వినిపించాయి. ఫోను పెట్టేశాడు.

చూసింది చూసినట్టు శెట్టికి చెప్పాడు. “ఆమె ధర అమ్ముకోలేదు. ఏడుపు విని కరిగిపోయింది, అంతే. బోర్డు మీదికి పిలుపొస్తే కబురు రాసి పంపే పద్ధతి పెట్టండి. ఆమెను ఏమీ అనొద్దు” అని మరీ మరీ అన్నాడు. శెట్టి తలూపాడు. మరునాడు కమలమ్మను పనిలోంచి తీసేసి గేటు దాటించాడు. పరీక్ష సంగతి ఆమెకు చెప్పలేదు. అమ్ముకున్న మనిషి పట్టుబడిందని మార్కెట్ యార్డులో చెప్పుకున్నాడు.

కమలమ్మ వెళ్లిపోయాక కూడా ధరలు బయటికి పోతూనే ఉన్నాయి. శ్రీపాదరావు మళ్లీ తీగల వెంట నడిచాడు. విత్తనాల గోడౌనులో గోనె సంచుల వెనక, పెద్ద లైనుకు చుట్టిన సన్నటి తీగ ఒకటి కనబడింది. దాన్ని పట్టుకుని పోతే అది శెట్టి తమ్ముడు హనుమంతరాయుడి గదిలో తేలింది. అన్న మాటలు వింటూ తమ్ముడే వేరే పేరుతో బేరం చేస్తున్నాడు.

శెట్టి ఆ తీగను చేతికి చుట్టుకున్నాడు.

“ఇంటి మాట. ఇంతటితో ఇడ్చిపెట్టు స్వామీ.”

“మరి కమలమ్మ?”

“ఆమె లైను కలపలేదా? నువ్వే గదా సెప్పినావు?”

దొరికింది యజమానికే చెప్పాలన్న కట్టుబాటు శ్రీపాదరావు పెట్టుకున్నదే. నోరు మూసుకుని తిరిగాడు. ఉరుకుంద జాతర రోజుల్లో, ఎమ్మిగనూరు బస్టాండులో, ఎవరో ఒక ఆడమనిషిని తిడుతూ “కమలమ్మ మాదిరి ఉప్పు తిన్న ఇంటికే కన్నం పెట్టినావు” అనడం విన్నాడు. కమలమ్మ పేరు తిట్టయిపోయింది.

మరుసటి వారం యార్డులో వర్తకులందరి ముందూ ఉన్నదంతా చెప్పేశాడు. గోపాలయ్య శెట్టి లేచి నిలబడ్డాడు.

“బిడ్డ సస్తాందని దొంగ ఏడుపు ఏడ్చి ఫోను చేసినోడు ఈయన. ఈయన మాట నమ్ముతారా? మాట బయట పెట్టనని నాకు ప్రమాణం చేసినోడు, ఈ పొద్దు బయట పెట్టినాడు. రేపు మీ ఇండ్ల మాటలు?”

ఆ తర్వాత ఏ వర్తకుడూ ఆయన్ను పిలవలేదు.

కమలమ్మ పెద్దకడుబూరులో చెల్లెలు భీమమ్మ ఇంట్లో ఉంటూ, పత్తి తీసే కూలికి పోతోందని తెలిసి బస్సెక్కాడు. ఆమె వాకిట్లో కూర్చుని వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంటోంది. పత్తికాయల మొనలకు వేళ్లు చీరుకుపోయి ఉన్నాయి. ఫ్యాక్టరీకి వచ్చిపోయే మనిషిగా గుర్తుపట్టింది.

“సామీ, మీరు అంతా తిరుగుతాంటారు. ఈ ఊళ్లో మాదన్న అని ఎవరన్నా తెలుసునా? వాళ్ల బిడ్డకు ఫిట్సు వచ్చినాయి. నేను లైను కలిపినాను గానీ కట్టయిపోయింది. ఇల్లిల్లూ అడిగినా. ఎవురికీ తెలీదంటారు. ఆ బిడ్డ బతికిందో లేదో.”

శ్రీపాదరావు వాకిట్లో నేల మీద కూర్చున్నాడు. “బిడ్డ లేదు తల్లీ. మాదన్న లేడు. ఆ ఫోను నేనే చేసినాను.”

ఆమె గుడ్డపీలిక చుట్టడం ఆపింది. ఆయన ఎందుకు చేశాడో, తీగ యాడ దొరికిందో అంతా చెప్పుకుపోయాడు. ఆమె విన్నదో లేదో తెలియలేదు.

“బిడ్డ పేరు చెప్పి ఏడిస్తిరి గదా సామీ” అంది. లేచి లోపలికి పోయింది. భీమమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ముందర పెట్టి, “తాగి పోండి. బస్సు పోతాది” అంది.

ఆదోనిలో రేడియోలు బాగుచేసుకుంటూ శ్రీపాదరావు ఇంకా చాలా ఏళ్లు బతికాడు. నడుం మీద చేయి వేసుకుని వంగి నడిచేవాడు. ఎనభై మూడులో, వానల రోజుల్లో, భీమమ్మ వేరుశనగ అమ్ముకోను వచ్చి ఆయన అంగడి ముందు ఆగింది.

“మా యక్క పోయింది సామీ. ఎదలో నెమ్ము చేరింది.”

“నాకేమన్నా సెప్పమనిందా?”

“లేదు” అంది భీమమ్మ. నెత్తిన సంచి సర్దుకుని బస్టాండు దిక్కు నడిచింది.