పూజ దారం కట్టిన ఎర్ర సంచి

నా చిన్నప్పుడు మేము పెర్త్ నగర శివారు కానింగ్ వేల్‌లో ఉండేవాళ్ళం కానీ, సెలవు దొరికితే చాలు, మా కారు పెదనాన్న పొలం వైపే తిరిగేది. పెర్త్‌కి గంటన్నర దూరంలో, గోధుమ చేల మధ్య ఒక ఇల్లు, కొన్ని గొర్రెలు, ఒక తుపాకీ. నక్కలు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంటే పెదనాన్న లైసెన్సు తెచ్చుకుని కొన్నారు దాన్ని. మా పెద్దమ్మ నర్సు. తుపాకీ ఉండే ఇనప బీరువా పక్కనే గోడకి ఒక ఎర్ర సంచి తగిలించి, ఇది బయటికి వచ్చాకే అది బయటికి రావాలని ఇంట్లో చట్టం చేసింది. అంబులెన్సు అంత దూరం రావడానికి చాలాసేపు పడుతుందని ఆమెకి తెలుసు. అందుకే గాజుగుడ్డ, కట్లు, కత్తెర, రక్తం ఆగకపోతే చేతికో కాలికో బిగించే పట్టీ, అన్నీ అందులో సర్దింది.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడాది దసరాకి పెదనాన్న ట్రాక్టరుకీ, డ్రిల్లింగ్ మిషన్‌కీ, తుపాకీకీ బొట్లు పెట్టి ఆయుధపూజ చేశారు. ఎర్ర సంచిని ఎందుకు వదిలేయాలని దానికి నేను బొట్టు పెట్టాను. అంతటితో ఆగానా! పసుపు దారం జిప్పు చుట్టూ తిప్పి, ఊడిపోకుండా తొమ్మిది ముళ్ళు వేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నం కంచె దగ్గర నక్క కనబడింది. పెదనాన్న తుపాకీ తీశారు. సంచి మోసే ఉద్యోగం నాది. వెనక నాన్న, పెద్దమ్మ. నాకైతే పెద్ద వేటకి వెళ్తున్నంత సంబరం. కంచె దాటేముందు పెదనాన్న గుళ్ళు తీసేసి, తుపాకీ నాన్న చేతికిచ్చారు. అంత జాగ్రత్త మనిషి! కానీ కాలు జారింది. అవతల పాత నీళ్ళ ట్యాంకు రేకు ఒకటి పడి ఉంది. దాని అంచు ఆయన ముంజేతిని నిలువునా కోసేసింది. రక్తం చిమ్మింది.

"వదినా, ఉండు, పసుపు తెస్తా!" అంటూ నాన్న ఇంటివైపు తిరిగాడు.

"పసుపు పప్పులో వేసుకో! ముందు గన్ సేఫ్‌లో పెట్టి, అంబులెన్సు కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చెయ్యి!" పెద్దమ్మ ఒక్క గెంతులో కంచె దాటి, తన చున్నీతో గాయాన్ని అదిమిపట్టింది. "సంచి తెరువే!"

కంచె కింద నుంచి దూరి వెళ్ళి జిప్పు లాగాను. తెరుచుకోదు. తొమ్మిది ముళ్ళు. కత్తెరేమో సంచి లోపల.

"పెద్దమ్మా, ఇట్స్ పూజా థ్రెడ్!" అన్నాను ఏడుపు గొంతుతో.

"అమ్మవారు నాకు తెలుసులే, తెంపు!"

పళ్ళతో కొరికాను. దారం తెగింది. నా పెదవీ తెగింది. పెద్దమ్మ గాజుగుడ్డ గాయంలోకి కుక్కి, నా రెండు చేతులూ దాని మీద పెట్టింది. "బరువంతా వేసి నొక్కు. ఎత్తి చూశావో, చంపేస్తా. తెలుగులో లెక్కపెట్టు, గట్టిగా!"

నా తెలుగు లెక్కల సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ముప్పై తొమ్మిది దాకా ఎలాగో లాగాను. తర్వాత "ముప్పై పది" అన్నాను.

"నలభై, తల్లీ," అన్నారు పెదనాన్న. ముఖం పాలిపోయినా నవ్వారు.

నా వేళ్ళ మధ్య వెచ్చగా ఊరుతూనే ఉంది. పెద్దమ్మ గాయానికి పైన పట్టీ చుట్టి, దాన్ని బిగించే పుల్లని మెలితిప్పడం మొదలుపెట్టింది. నేను "నలభై పది" అన్నాను. ఎవరూ దిద్దలేదు. మళ్ళీ అన్నాను. పెద్దమ్మ పుల్లని ఇంకో మెలిక తిప్పి, "ఏవండీ! పిల్ల నలభై పది అంటోంది, వినబడుతోందా?" అని అరిచింది.

అంత పొడుగు క్షణం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

"యాభై..." అన్నారాయన కళ్ళు తెరవకుండానే. "మీ నాన్న ఏం నేర్పాడే నీకు?"

"యాభై!" అని నేను వేసిన కేకకి గొర్రెలన్నీ పరుగందుకున్నాయి. చేతుల కింద ఊట ఆగింది. పట్టీ ఎన్నింటికి బిగించిందో పెద్దమ్మ దాని మీదే పెన్నుతో రాసింది. అంబులెన్సు వచ్చేసరికి నేను రెండు వేలు దాటాను, పెదనాన్న దిద్దుతూనే ఉన్నారు.

చెయ్యి దక్కిందని ఆసుపత్రిలో చెప్పాక పెద్దమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నా లెక్క ఆమెకి అక్కర్లేదట. ఆయన నా తప్పులు దిద్దినంతసేపూ స్పృహలో ఉన్నట్టు. లెక్కలో పడ్డ నాకేమో గుడ్డ ఎత్తి చూసే తీరికే ఉండదు. సంచికి ముళ్ళు వేసింది నేనేనని ఆ రాత్రి పెద్దమ్మతో నా అంతట నేనే చెప్పుకుని ఏడ్చాను.

మొన్న మా ఆయనకి గన్ క్లబ్బు లైసెన్సు వచ్చింది. తుపాకీ కంటే ముందు సంచి కొన్నాను. తుపాకీ కోసం తెచ్చిన ఇనప బీరువా పక్కనే తగిలించాను. ఆ పట్టీ వాడకం మర్చిపోకూడదని ప్రథమ చికిత్స క్లాసుకి కూడా వెళ్ళొచ్చాను. మా పాపకి కాస్త జ్వరమొస్తే పదిసార్లు నుదురు తడిమి చూసే మనిషిని నేను. "నిజంగా ఏదైనా అయితే నీ చేతులు వణికిపోవూ?" అని మా ఆయన ఆటపట్టించారు.

వణుకుతాయి. ఆ రోజూ వణుకుతూనే ఉన్నాయి. వణికే చేతులతో కూడా గట్టిగా నొక్కవచ్చని తొమ్మిదేళ్ళకే తెలిసింది నాకు.