చెరువులో నిలబెట్టిన విసుర్రాయి

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే మాకు ఒకటే ఊరు, ఒకటే చెరువు. వరోరాలో మా నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. బడికి సెలవులిచ్చిన మర్నాడే మా అమ్మ నన్ను రైలెక్కించి, చాందా దాటించి, రాజురా అవతల ఉన్న అమ్మమ్మగారింట్లో దింపేసి వెళ్లిపోయేది. నెలన్నరపాటు నా పీడ విరగడైందని ఆమెకు సంతోషం, ఆమె పీడ విరగడైందని నాకు సంతోషం. మా తాతయ్య ఇల్లు చెరువుకట్టను ఆనుకునే ఉండేది. పొద్దున్నే వాకిట్లో మంచం మీద లేచి కూర్చుంటే చెరువంతా కళ్లముందే. స్టేషన్ పక్కన బొగ్గు పొగ పీల్చి పెరిగిన నా ముక్కుకు అక్కడి బురద వాసన కూడా బాగుండేదంటే నమ్మండి.

ఎండలు ముదిరేకొద్దీ చెరువు వెనక్కి పోతుంది. నీళ్లు వదిలిపెట్టిన ఆ మెత్తటి నేలను శిఖం అనేవాళ్లు. ఊళ్లో పదీ పన్నెండు ఇళ్లవాళ్లు దాన్ని మడులుగా పంచుకుని దోస, కర్బూజ తీగలు పెట్టేవాళ్లు. పొద్దునా సాయంత్రం చెరువు నీళ్లే కుండలతో ముంచి పోసేవాళ్లు. అయితే దానికొక కట్టుబాటు ఉంది. ఎప్పుడో పగిలిపోయిన విసుర్రాయి సగం చెక్కను మా పెద్దలు చెరువులో ఒకచోట నిలువుగా పాతిపెట్టారు. దాని అంచు నీళ్లలోంచి పైకి తేలిన రోజునుంచి మడులకు ఒక్క కుండ కూడా ముంచకూడదు. మిగిలిన నీళ్లు వానలు పడేదాకా గొడ్లకే. రోజూ పొద్దున్నే కట్టమీద నిలబడి రాయి తేలిందో లేదో చూసి చెప్పే పని మా తాతయ్యది. ఆయన తేలిందన్నాడంటే ఊరంతా కుండలు బోర్లించాల్సిందే. కాయలు ఎండిపోతున్నాయని ఎవరి కడుపు మండినా సరే, ఆ మాటకు తిరుగు లేదు.

నా మూడో తరగతి అయిపోయిన ఏడు తాతయ్య తన మడిలో ఒక కర్బూజ తీగ చూపించి, ఇది నీది పో అన్నాడు. ఇక నన్ను పట్టుకోగలరా! దాని కాయ పండితే వరోరాకు మోసుకుపోయి, నీకేం చేతకాదని నన్ను ఏడిపించే మా అన్న ముందు పెట్టాలని నా పంతం. రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకునేదాన్ని. పక్కింటి అక్క నన్ను చూసి నవ్వేది. ఆమె ఆ ఏడే కాపురానికి వచ్చింది. పుట్టింటివాళ్లు అరణంగా ఇచ్చిన బర్రె, దాని దుడ్డె తప్ప ఆ ఊళ్లో ఆమెకు ఇంకా ఎవరూ దగ్గర కాలేదు. అందుకేనేమో మధ్యాహ్నమైతే నన్ను కూర్చోబెట్టుకుని జడ వేస్తూ, తన ఊరి ముచ్చట్లు చెబుతూ ఉండేది.

ఒకనాడు పొద్దున్న తాతయ్య చెరువు వైపు చూసి, రాయి రేపో ఎల్లుండో తేలుతుందన్నాడు. నా కాయకు ఇంకా పదిహేను రోజులు నీళ్లు కావాలి. ఎంత ఏడ్చినా తాతయ్య మాట మార్చడని నాకు తెలుసు. అందుకని ఏడవలేదు. ఆ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే చెరువులోకి దిగాను. రాయి మొదలు దగ్గర మట్టిని చేతులతో తోడి, భుజం ఆనించి తోశాను. అది మెల్లగా వాలి నీళ్లలో పడుకుంది. ఆ బురద నీళ్లలో పైనుంచి చూస్తే ఏమీ కనబడలేదు. మర్నాడు తాతయ్య కంటికి చేయి అడ్డంపెట్టుకుని చాలాసేపు చూసి, ఇంకా తేలలేదని చెప్పాడు. నాకున్న తెలివి ఊళ్లో ఎవరికీ లేదనుకున్నాను.

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. అందరూ కుండలు ముంచుతూనే ఉన్నారు. నా కాయ మీద వలలాగా గీతలు పడటం మొదలైంది. కానీ దొంగ మనసు ఊరుకోదు కదా, రోజూ ఆ మధ్యాహ్నం వేళకే ఒడ్డు బురదలో నడిచివెళ్లి రాయి అలాగే పడుకుని ఉందో లేదో కాలితో తడిమి వచ్చేదాన్ని.

తొమ్మిదో రోజు పక్కింటి అక్క దుడ్డె నీళ్లకోసం వెళ్లి ఊబిలో దిగబడింది. ఏటా ఆ రోజులకు నీళ్లు ఉండాల్సిన చోట ఆ ఏడు నడుములోతు బురదే ఉంది. మేం వెళ్లేసరికి దుడ్డె మెడదాకా మునిగిపోయి ఉంది, అరిచే ఓపిక కూడా లేదు దానికి. నులకమంచం తెచ్చి బురద మీద పరిచి, దానిమీద పడుకుని నలుగురు మగవాళ్లు తాళ్లు కట్టి లాగారు. అక్క ఒడ్డున కూలబడి ఏడుస్తూనే ఉంది. ఎలాగో బయటికి తీశారు గానీ దుడ్డె కాళ్లమీద నిలబడలేదు. బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. నేను అక్క వైపు చూడలేకపోయాను.

అప్పుడు అందరికీ రాయి గుర్తొచ్చింది. నీళ్లు ఇంత తగ్గితే రాయి ఎందుకు తేలలేదని గొణుక్కోవడం మొదలైంది. తాతయ్య ధోవతి పైకి కట్టుకుని ఒక్కడే రాయి దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. తర్వాత దాని చుట్టూ, ఒడ్డుదాకా, బురదలో అటూ ఇటూ చాలాసేపు నడిచాడు. ముసలాయన ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడని అనుకున్నాను. వెనక్కి వచ్చి అందరి ముందూ నిలబడి చెప్పాడు:

"రాయి ఒరిగింది. రోజూ చూసేటోణ్ణి, నేను చూసుకోలె. తప్పు నాదే."

పెద్దాయనకు చూపు మందగించిందని ఎవరో అన్నారు. రేపు పొద్దున కట్టమీద కూర్చుని, రాయి చూసే పని ఇంకొకరికి అప్పజెబుదామని తీర్మానించారు. తాతయ్య తలూపాడు. వాళ్ల నాన్న దగ్గరనుంచి ఆయనకు వచ్చిన పని అది.

ఆ సాయంత్రం నాకు ముద్ద దిగలేదు. వడదెబ్బ తగిలిందేమోనని అమ్మమ్మ అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రుద్దింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఏం చెప్పను? తాతయ్య మామూలుగానే అన్నం తిని, నా తల నిమిరి, వెళ్లి గొడ్లకు మేత వేశాడు. ఆయన నన్ను కొట్టి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

పొద్దున కట్టమీద జనం చేరారు. నేను అమ్మమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. తాతయ్య ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఆయన తర్వాత ఎవరు చూడాలా అని మాట్లాడుకుంటుంటే నేను ఇక ఆగలేకపోయాను.

"రాయి ఒరగలే. నేనే పడగొట్టిన. నా కాయ ఎండిపోతదని."

అప్పుడు తాతయ్య నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో కోపం లేదు.

"రాయికి అబద్ధం నేర్పినవ్ గానీ బిడ్డా, నీళ్లకు నేర్పలేవు. రా, నిలబెడ్దాం."

ఇద్దరం బురదలో దిగి రాయిని లేపి పాతాం. పైకి లేవగానే దాని అంచు నీళ్లమీద నాలుగు వేళ్ల ఎత్తున కనబడింది. అంత నీరు నా ఒక్కదాని పంతానికి పోయిందన్నమాట. చూసే పని తాతయ్యకే ఉంచేశారు. కుండలు మాత్రం ఆ రోజే అందరూ బోర్లించారు.

పక్కింటి అక్క నాతో మాట్లాడటం మానేసింది. ఎవరూ చెప్పకుండానే నేను రోజూ అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టుకుని వెళ్లి ఆమె దుడ్డెకు తాగించేదాన్ని. పనిగట్టుకుని మా మడి పక్క దారిలోనే పోయేదాన్ని. నా తీగ ఆకులు వాడి వేలాడుతుండేవి. ఒక్క గుక్క పోస్తే ఏం పోయిందని ప్రతిరోజూ అనిపించేది. పోయలేదు. ఆరో రోజు దుడ్డె కాళ్లమీద లేచి నిలబడింది. అక్క నన్ను ముందర కూర్చోబెట్టుకుని జడ విప్పింది. నేను ఏడుస్తూనే జడ వేయించుకున్నాను. ఎండిన తీగనుంచి పండని నా కాయను తెంపితే, అమ్మమ్మ దాన్ని శనగపప్పుతో కూర వండి ఒక గిన్నె అక్కకు పంపించింది. మా అన్నకు చూపించడానికి గింజలు కూడా మిగల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత, తాతయ్య పోయాక, అమ్మమ్మ నా తలకు నూనె రాస్తూ చెప్పింది. ఆయనకు ఆ రోజే తెలుసట. రాయి దాకా పోయివచ్చిన చిన్న చిన్న అడుగులు ఒడ్డు బురదలో అచ్చుపడి ఉన్నాయట. వేరేవాళ్లు దిగకముందే తన పెద్ద కాళ్లతో వాటిని తొక్కి చెరిపేశాడట. మరి చెప్పలేదేమని అమ్మమ్మ అడిగితే, "పిల్ల చెప్పాల్సిన మాట నేనెట్ల చెప్త?" అన్నాడట.

ఇప్పుడు చాందాలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్న మే నెలలో ఒకనాడు మధ్యాహ్నానికే మిద్దెమీద ట్యాంకు ఖాళీ అయిపోయింది. ఎవరో నల్లా విప్పి వదిలేశారు. ఆ ఎండల్లో నీళ్లు లేకపోతే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా అబ్బాయి ఆఫీసునుంచి వచ్చి ఇల్లు ఎగిరిపోయేలా అరవకముందే, మెట్లమీదనుంచి మనవరాలి గదిదాకా ఉన్న తడి అడుగులు నేను చూశాను. మోకాళ్ల నొప్పులతోనే వంగి పాత చీరముక్కతో తుడిచేశాను. అబ్బాయి అడిగితే, నాకు మతిమరుపు కదరా, నేనే విప్పి ఉంటానన్నాను. ఎదురుచూస్తూ కూర్చున్నాను.

చీకటి పడకముందు ఆ పిల్ల వచ్చి నా మోకాలికి తల ఆనించింది.

"నానమ్మా, నల్లా నేనే బంద్ చెయ్యలే."

మీ నాన్నకు చెప్పు పో అన్నాను. నువ్వు కూడా రమ్మంది. నేను రానన్నాను. లేచి ఒక్కతే వెళ్లింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తుందని తెలుసు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ పొద్దున కట్టమీద మా తాతయ్య నా వైపు ఎందుకు చూడలేదో, అలా చూడకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.