ఎవరి నెత్తురు తాగిన దోమ

పుంగనూరులో చీకటి పడేముందు ఒక వేళ ఉంటుంది. వెలుగు గోడల మీది నుంచి దిగిపోయి, కాసేపు నేల మీద నిలబడి ఉంటుంది. ఆ వేళకే దోమలు లేచేవి. గేదెను కట్టేసిన పాకలోంచి, గిన్నెలు కడిగిన నీళ్లు నిలిచిన గుంటలోంచి, సన్నని తీగ మోగినట్టు లేచి, పెరట్లో వేసిన నులక మంచం వైపు వచ్చేవి. మంచం మీద జయశీల పడుకుని ఉండేది. పెరటిని రెండుగా చీల్చే మోకాలెత్తు మట్టిగోడకు ఆవల రుక్మిణమ్మ నిలబడి ఉండేది, దోమలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూస్తూ.

జయశీల మిషన్ వారి ఆడపిల్లల బడిలో టీచరు. కుట్టుపని, మూడో తరగతి లెక్కలు చెప్పేది. పెళ్లి కాలేదు. రుక్మిణమ్మ ఇంట్లో సగం భాగం అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. యుద్ధం మొదలైన కొన్నాళ్లకు ఆమెకు దగ్గు పట్టుకుంది. రుమాలు మీద ఎరుపు కనబడ్డాక బస్సెక్కి మదనపల్లె క్షయ శానిటోరియానికి పోయింది. అక్కడ గాలే మందు. వానైనా చలైనా రోగులు వరండాల్లోనే పడుకునేవారు. రాత్రంతా దుప్పట్ల అంచులు చిన్న చిన్న రెక్కల్లా కొట్టుకునేవి. చాలా నెలల తర్వాత కఫంలో క్రిమి లేదన్నారు. ఇంటికి పంపుతూ డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఇంకో ఏడాది బయటే పడుకోవాలి. పొగ తగలకూడదు.

బయట అంటే ఆమెకు ఉన్నది రుక్మిణమ్మ పెరడు ఒక్కటే.

రుక్మిణమ్మకు మొగుడు లేడు, పిల్లలు లేరు. కర్రి అనే గేదె ఒకటి ఉంది. దాని పాలే ఆమెకు కూడు, గుడ్డ. మొగుడు దగ్గి దగ్గి ఈ ఇంట్లోనే పోయాడు. ఆ చప్పుడు ఆమె చెవిలోంచి ఎన్నడూ పోలేదు. మంచం పెరట్లో పడిన మొదటి సాయంత్రమే గోడ దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, మంచం లోపలేసుకో."

"లోపల గాలాడదక్కా. డాక్టరు బయటే పండుకోమన్నాడు."

"డాక్టరు ఆడుండాడు. దోమలు ఈడుండాయి. నీ నెత్తురు తాగిన దోమ గోడ దాటొచ్చి నన్ను కుడతాండాది. రేపు నేను దగ్గితే మీ డాక్టరొస్తాడా?"

"ఈ జబ్బు దోమతో రాదక్కా."

"చలిజ్వరం దోమతో వస్తాదని సర్కారోళ్లు తప్పెట కొట్టించి మరీ సెప్పినారు. జ్వరాన్ని మోసే దోమ దగ్గును మోయదా? దానికేమన్నా కూలి తక్కువా?"

రుక్మిణమ్మ అక్కడే తీర్పు చెప్పేసింది. "పెరట్లో దోమనేది లేకుండా సెయ్. లేదంటే అమావాస్యకు ఇల్లు ఖాళీ సెయ్."

ఇల్లు వదిలితే పోవడానికి కుప్పంలో తమ్ముడు కరుణాకర్ ఉన్నాడు, రైల్వే గూడ్సు షెడ్డులో పని. ఈ మాట ఎవరి ద్వారా విన్నాడో, ఆ వారమే రైలూ బస్సూ మారి వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలో నిలబడి కూరగాయల బుట్టను మెట్టు మీద పెట్టాడు.

"ఇంట్లో పసిబిడ్డ ఉండాదక్కా. నీ మరదలు ఒప్పుకోదు."

"వస్తానని నేనడగలేదే?"

"అడగకముందే సెబ్దామని వచ్చినా." పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "బుట్ట మళ్లీ పంపాల్సిన పన్లేదు. నువ్వే ఉంచుకో."

బుట్టలో వంకాయలు ఊదారంగులో మెరుస్తున్నాయి. ఆమె వాటిని చాలాసేపు ముట్టుకోలేదు.

దోమలకు ఏ ఉచ్చు పెట్టాలన్నది ఆ రోజుతో వట్టి పెరటి పని కాకుండా పోయింది. అది ఆమెకు ఉండే చోటు మిగులుతుందా లేదా అన్న సంగతి. దోమతెర కోసం బజారంతా తిరిగింది. గుడ్డంతా మిలిటరీకి పోతోందన్నారు. గుంట మీద పోద్దామంటే కిరసనాయిలు దీపానికే చాలడం లేదు. అందరూ చేసే పని పొగ వేయడం. ఆ పని రుక్మిణమ్మే చేసింది. గాలి మంచం వైపు తిరిగే వేళ చూసుకుని, గోడ పక్కన పచ్చి వేపాకు మంటలో వేసింది. బూడిద రంగు చీర ఒకటి విప్పుకుంటూ వచ్చినట్టు పొగ వచ్చి జయశీలను చుట్టేసింది. ఆమె మంచం పట్టె పట్టుకుని వంగి దగ్గింది.

"విన్నారా? తగ్గిందంట! విన్నారా?" అని రుక్మిణమ్మ వీధి వైపు తిరిగి అరిచింది.

ఆ తర్వాత జయశీల ఒక మసికుండ లోపల తడిగుడ్డ పరిచి, పెరటి మూల పక్కకు దొర్లించి పెట్టింది. తెల్లవారేసరికి దోమలు చల్లని చీకటి వెతుక్కుంటూ దాంట్లో దూరాయి. మూతికి గుడ్డ కుక్కి ఎండలో పెడితే చస్తాయి. మంచి ఉచ్చే. కాని రుక్మిణమ్మ దాన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"నా పెరట్లో సావుకుండ పెడతావా? ఎవర్ని సాగనంపాలని?"

రాయి తెచ్చి, గోడకు ఆవలి నుంచే విసిరి కుండను పగలగొట్టింది. లోపల చిక్కిన దోమలు ఒక్క గుప్పెడు మబ్బులా లేచి, విడిపోయి, మళ్లీ పెరడంతా పరుచుకున్నాయి.

ఇక మిగిలింది ఆముదం పళ్లెం. జయశీల చిన్నప్పుడు వాళ్లమ్మ చేసే పని అది. ఇత్తడి పళ్లేనికి లోపలి వైపు ఆముదం పూసి, సందెవేళ గాలిలో అటూ ఇటూ ఊపితే దోమలు వచ్చి అతుక్కుంటాయి. పొగ లేదు, చప్పుడు లేదు. ఆ సాయంత్రం మంచం మీద కూర్చుని ఆమె పళ్లెం ఊపింది. మునిమాపు వెలుగంతా దాంట్లో ఒలికిపోతున్నట్టుంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపి చూసుకుంటే, ఇత్తడి మీద నల్లటి చుక్కల ముగ్గు. రాత్రి కాస్త నిద్ర పట్టింది. పొద్దున పళ్లేన్ని తీసుకెళ్లి గోడ మీద పెట్టింది.

"సూడక్కా. దోమలు పోతాండాయి."

రుక్మిణమ్మ చీపురుపుల్ల తీసి ఒక లావు దోమను నొక్కింది. ఎర్రని చుక్క బయటికి వచ్చింది. ఇంకొకటి నొక్కింది. మళ్లీ ఎరుపు.

"ఇదో నీ నెత్తురు! సాచ్చెం నువ్వే పట్టి తెచ్చిస్తివి."

పళ్లెం ఎంత బాగా పనిచేస్తే నేరం అంత పెద్దదైంది. రుక్మిణమ్మ దాన్ని ఎత్తుకుని వీధి వాకిట్లోకి పోయింది. పాలకు వచ్చినవాళ్లు చెంబులతో నిలబడి ఉన్నారు. "సూడండప్పా! ఒక్క సందకే ఇంత క్షయ నెత్తురు మా పెరట్లో తిరగతాండాది. ఈ పొద్దే దీన్ని పంపించేయాల్నా వద్దా, మీరే సెప్పండి!"

కాఫీ హోటలు నారాయణస్వామి ముందుకొచ్చాడు. రుక్మిణమ్మ అమ్మే పాలలో సగం కొనేది ఆయనే. పళ్లెం కేసి చూశాడు. తర్వాత పాల తపేలా కేసి చూశాడు.

"రుక్మిణమ్మా, నీ ఎనుము యాడ కట్టేస్తాండావు?"

"పెరట్లో. ఇంకెక్కడ?"

"ఈ దోమలు దాన్ని కుట్టవా?"

ఆమె పళ్లేన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"టీచరమ్మను కుట్టి, అట్నే పోయి ఎనుమును కుట్టి... ఆ పాలు కాఫీలో పోసి నేను ఊరందరికీ తాపాల్నా?" చెంబు బోర్లించి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపట్లో వాకిలి ఖాళీ అయింది.

ఆ పూట పాలు ఇంట్లోనే ఉండిపోయాయి. సాయంత్రం పాలకూ ఎవరూ రాలేదు. మర్నాటికి ఇల్లంతా విరిగిన పాల పులుపు వాసన. రుక్మిణమ్మ గోడ దాటి మంచం దగ్గరికి వచ్చింది. ఆమె గోడ దాటడం అదే మొదటిసారి.

"నా నోట్లో మన్ను కొడితివి కదే!"

"నేనేమన్నానక్కా? అన్నది నువ్వు."

"లెయ్. పోయి నారాయణస్వామికి సెప్పు, దోమతో రాదని."

"నేను సెప్తే నువ్వు నమ్మినావా? ఆయనెట్ల నమ్ముతాడు?"

"అయితే ఇప్పుడే మంచమెత్తి పో. నువ్వు పోతే అన్నీ సర్దుకుంటాయి."

జయశీల లేచి కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమె గొంతులో వేడుకోలు ఉండేది. ఇప్పుడు లేదు.

"పోతాను. నా నెత్తురు నీ ఎనుములో కలిసిపోయిందని ఊరంతా నమ్మినారు. నేను పోతే అది పోతాదా? ఇంక జన్మలో ఎవరు తాగుతారు దాని పాలు?"

పాకలో కర్రి తోక విసిరింది. రుక్మిణమ్మ అటు చూసింది, ఇటు చూసింది. చుట్టూ గాలి ఉన్నా ఊపిరాడని మనిషిలా నిలబడింది.

"ఏం సెయ్యమంటావే?"

"నీ మాటతో పోయినోళ్లు నీ మాటతోనే రావాల. నువ్వు నమ్మితే వాళ్లు నమ్ముతారు. మంచం ఈడే ఉంటాది."

"నేను నమ్మను."

"నమ్మొద్దులే. నమ్మినట్టు కూర్చో."

ఆ సాయంత్రం పాలు పితికే వేళకు రుక్మిణమ్మ ముక్కాలిపీట తెచ్చి జయశీల మంచం పక్కన వేసుకుంది. వీపు ఆమె వైపు, మొహం వీధి నుంచి పెరట్లోకి వచ్చే సందు వైపు. రవిక చేతులు పైకి మడుచుకుంది. దోమలు వచ్చి వాలాయి. పళ్లు బిగబట్టి ఒక్కదాన్ని కూడా కొట్టలేదు. సందులో జనం పోగయ్యారు.

"సూడండి! బాగా సూడండి! కుట్టనీ. ఏమైతాది? ఏమీ కాదు. నిన్న నా నోరు జారింది!" ఆ మాట తిట్టు తిట్టినట్టే అంది.

"సూస్తాంలేమ్మా. నువ్వు దగ్గుతావో లేదో సూసినాకనే పాలు," అన్నాడు నారాయణస్వామి.

కాబట్టి ఆమె రోజూ కూర్చుంది. భయంతో కూర్చుంది. ఇంట్లోకి పోయాక చేతులు బొబ్బలెక్కేలా రుద్ది కడుక్కునేది. ఆ చప్పుడు జయశీలకు వినిపించేది. జాలి పడాలని ఆమెకు తోచలేదు. అమావాస్య వచ్చి, ఎవరూ గుర్తు చేయకుండానే దాటిపోయింది. ముందు ఒక ముసలామె చెంబు తెచ్చింది. తర్వాత ఇద్దరు. చివరికి నారాయణస్వామి వచ్చి నవ్వాడు.

"ఏం, ఇద్దరూ కలిసిపోయినట్టుండారే?"

"ఎవరు కలిసినారు? నేను ఎనుము కోసం కూర్చోనుండా," అంది రుక్మిణమ్మ.

"నేను గాలి కోసం పండుకోనుండా," అంది జయశీల.

ఆయన చెంబు నింపుకుని పోయాడు. పెరట్లో వెలుగు నేల మీదికి దిగింది. జయశీల పళ్లెం అందుకుని నెమ్మదిగా ఊపుతూ ఉంటే, రుక్మిణమ్మ చటుక్కున లాక్కుంది.

"దోమల్ని జోకొడతాండావా? ఇట్లియ్."

చీకటి ముసిరేదాకా తనే ఊపింది. తర్వాత అంటుకున్న దోమలను పుల్లతో నొక్కి చూడకుండా బూడిదతో తోమేసింది. గోడకు జయశీల వైపున పళ్లేన్ని ఠక్కున బోర్లించింది.

"రేపటి ఆముదం నీదే. నాకాడ లేదు," అని లోపలికి పోయి తలుపేసుకుంది.