స్కోపు బిగించింది నేనే

గల్ఫ్ యుద్ధం ముగిసిన తరవాతి చలికాలం. సౌదీ అరేబియా తీరాన రాబిగ్‌లో పరిశ్రమలకు మరమ్మతులు చేసే ఒక చిన్న కంపెనీలో నేను ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీరుని. ప్రెషర్ గేజీలు, వాల్వులు సరిచూడడం నా ఉద్యోగం. మా యజమానికి, అంటే మా కఫీల్‌కి, వేట పిచ్చి. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఆయన తుపాకీని పెట్టెలోంచి తీయలేదు. తీసేసరికి దాని మంచిచెడ్డలు చూసే యెమెన్ ముసలాయన లేడు. యుద్ధానికి ముందే, ఆ దేశం వాళ్ళు ఎంతోమందిలాగే, ఆయనా సామాను సర్దుకుని వెళ్ళిపోవలసి వచ్చింది. అందుకని ఒకరోజు తుపాకీ నా బల్ల మీదికొచ్చింది.

"యా ముహందిస్, సన్నపని నీ చేతికి తెలుసు. దీనికి స్కోపు బిగించు" అన్నాడు కఫీల్. ముహందిస్ అంటే ఇంజినీరు. తుపాకీ మీద పెట్టి గురిచూసే దుర్భిణులు, రెండు స్కోపులు ముందు పెట్టి, ఏది మంచిదో నన్నే ఎంచమన్నాడు.

మా ఊరి జాతరలో మేకపోతుల బలికి అడ్డంగా నిలబడినవాణ్ణి నేను. వేదికలెక్కి పూజారులతోనూ బాబాలతోనూ "రుజువేదీ?" అని తెల్లవార్లూ వాదించినవాణ్ణి. తుపాకీ పని నావల్ల కాదని అనవలసింది. అనలేదు. సెలవు మీద ఇంటికెళ్ళాలంటే కఫీల్ సంతకం కావాలి, నా పాస్‌పోర్టు ఆయన సొరుగులో ఉంది. ఇది నిజమే కాని పూర్తి నిజం కాదు. అంతమందిలో నన్ను పిలిచి, ఎంచే పని నాకిచ్చినందుకు లోపల పొంగిపోయాను.

స్కోపుల్లో ఒకటి చిన్నది, పాతది, నాలుగు రెట్లు పెద్దదిగా చూపేది. రెండోది బరువైన కొత్తది, పన్నెండు రెట్లు. నాలుగుకన్నా పన్నెండు ఎక్కువ. నా తర్కం అక్కడితో ఆగిపోయింది.

కఫీల్ బండి నడిపే డ్రైవరు అప్పుడు వర్క్‌షాపులో టీ తాగుతున్నాడు. కడప జిల్లా మనిషి. ప్రతి వేటకీ కఫీల్ వెంట వెళ్ళేవాడు.

"చిన్నదే పెట్టు సార్" అన్నాడు. "ఎండపూట ఇసక మింద పెద్దద్దం పెడితే జింక కనపడదు, సెగ ఆడేది కనపడతాది."

"కొలిచావా?"

"చూసినా."

"చూడ్డం వేరు, కొలవడం వేరు. నీ మెడలో తాయెత్తు పనిచెయ్యడం కూడా చూసే ఉంటావు."

అతను నవ్వాడు. "నా తాయెత్తు జోలికి రాకుంటే నీకు పొద్దుపోదు గదా! సరే, పెద్దదే పెట్టుకో. తూటా నీ సర్టిఫికెట్లు చూసి పోతాదిలే."

తుపాకీకి గుడ్డ చుట్టి వైసులో బిగించాను. రింగులు పెట్టి స్కోపుని కూర్చోబెట్టాను. దారానికి నట్టు కట్టి వేలాడదీసి, స్కోపులోని నిలువుగీతని దానితో సరిచూశాను. తుపాకీ వెనకవైపు బోల్టు తీసేసి, గొట్టంలోంచి ఎదుటి గోడ మీది చుక్కని చూసి, గీతలు రెండూ ఆ చుక్క మీద కలిసేలా తిప్పాను. ఇక మిగిలింది కంటికీ అద్దానికీ మధ్య ఎడం. పేలినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. ఎడం చాలకపోతే స్కోపు అంచు వచ్చి కంటికి కొడుతుంది. పెద్ద స్కోపుకి ఆ ఎడం మూడంగుళాలే. బల్ల ముందు నిటారుగా నిలబడి, నా కంటికి బొమ్మ నిండుగా కనిపించిన చోట బిగించేశాను.

"వాళ్ళు పండుకోని కాలుస్తారు సార్" అన్నాడు డ్రైవరు. "పండుకుంటే తల ముందుకు పోతాది. ఒక తూరి కింద పండుకోని చూడు."

"ఈ నూనె నేల మీదా?"

"నీ చొక్కా నేను ఉతుకుతాలే."

"అక్కర్లేదు. నిలబడినా పడుకున్నా కొలత కొలతే."

అంత మూఢమైన మాట నేను ఏ బాబా నోటా వినలేదు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక కఫీల్, డ్రైవరు, నేను ఊరి బయట ఎండిపోయిన వాగులోకి వెళ్ళాం. అట్టపెట్టె మీద సున్నా చుట్టి దూరంగా పెట్టారు. స్కోపు బిగించినవాడే మొదటి గుండు కాల్చాలన్నది కఫీల్ ఆనవాయితీ. యెమెన్ ముసలాయనా అలాగే చేసేవాడట. తన చేతిపనికి తనే పూచీ. ఇంత హేతుబద్ధమైన ఆచారం నేను మరొకటి ఎరగను. కాని తుపాకీ పేల్చడం నా సిద్ధాంతానికి విరుద్ధమని, చేతులు కట్టుకుని మరీ చెప్పాను. కఫీల్ నవ్వి తుపాకీని డ్రైవరుకిచ్చాడు.

"నీ అహింస నా భుజం మింద పడింది సార్" అంటూ అతను ఇసుకలో బోర్లా పడుకున్నాడు.

పేలింది. అతను తుపాకీ వదిలేసి రెండు చేతులతో కుడికన్ను మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది.

"ఏమైంది?" కఫీల్ అడిగింది అతన్ని కాదు, నన్ను.

"మొహం మరీ దగ్గర పెట్టాడు. పట్టు కూడా వదులు" అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

జిద్దా ఆసుపత్రిలో గాయం కుట్టారు కాని ఆ కంటికి మసక చూపే మిగిలింది. ఇక బండి నడపలేడు. అతను అక్కడుండగానే, ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, తుపాకీతో ఆ నూనె నేల మీద పడుకున్నాను. నా కనుబొమ్మ స్కోపు అంచుకి దాదాపు తగిలింది. లేచి, రింగులు వదులుచేసి, స్కోపుని అంగుళం పైగా ముందుకి జరిపి బిగించాను. చొక్కా నేనే ఉతుక్కున్నాను.

రెండు రోజులకి కఫీల్ పిలిచాడు. "నిజం చెప్పు. బిగింపులో తప్పుందా? ఉంటే అది నా పనిలో తగిలిన దెబ్బ. వాణ్ణి గేటు దగ్గర కాపలాకి ఉంచుకుంటాను. లేదంటే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాను."

ఒక్క మాట చెబితే అతనికి పని ఉండేది. నేను అనుకున్నంత కఠినుడు కాదు కఫీల్. నన్ను కోప్పడేవాడేమో, సెలవు ఆపేవాడేమో. అంతకుమించి ఏం జరిగేదని ఇప్పుడు ఆలోచిస్తే ఏమీ తోచదు.

"తప్పు లేదు. మీరే చూసుకోండి" అన్నాను.

ఆయన నేల మీద పడుకుని చూశాడు. సరిగ్గానే ఉంది.

వాదంలో ఓడినా ఫరవాలేదు, సాక్ష్యం తారుమారు చేసినవాడు మాత్రం మనిషి కాడని కుర్రవాళ్ళకి నేర్పినవాణ్ణి. ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ మాట వేదికల మీద చాలాసార్లు చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అతను వెళ్ళేరోజు విమానాశ్రయానికి తీసుకెళ్ళే బండి దాకా అతని పెట్టె నేను మోశాను. డిక్కీలో పెట్టాక నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. నేను నిజంగానే మొగం దగ్గర పెట్టినానా? ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడంల్యా."

"కొంచెం దగ్గరే పెట్టావు" అన్నాను.

"అయితే నాదే తప్పు. ఇంట్లోనూ అట్లే చెప్తా." కట్టు లేని కంటితో నా వైపు చూశాడు. "నువ్వు నిలబడి పెట్టినందుకేమో అని నీ మింద అనుమానపడినా సార్. కఫీలు పండుకోని చూస్తే సరిగ్గానే ఉందంట. తప్పుగా అనుకున్నా. మనసులో పెట్టుకోవద్దు."

"ఫరవాలేదులే" అన్నాను.