బిజినెస్ క్లాసు సుబ్బరాయుడు

సుబ్బరాయుడిది వత్సవాయి పక్కన పల్లె. డెబ్బైల్లో ఆ మెరక పొలాల్లో అందరూ పత్తి మీద పడుతుంటే, అతను మాత్రం ఉన్న చేను కౌలుకిచ్చి జగ్గయ్యపేట చేరి పురుగుమందుల కొట్టు తెరిచాడు. పత్తి వేసినవాడు బాగుపడినా చెడినా పురుగు రావడం మాత్రం ఖాయమని అతని నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు. కాయ తొలిచే పురుగు పడిన ఏడల్లా కొట్టు ముందు బళ్లు బారులు తీరేవి. ఎనభై ఒకటిలో, ఆ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ మందు అమ్మినందుకు కంపెనీవాళ్లు అతన్ని మరికొందరు డీలర్లతో కలిపి సింగపూర్ తీసుకెళ్లారు.

వెళ్లినవాడు వెళ్లినట్టు తిరిగొస్తే అతని గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. తిరుగు విమానంలో సీట్లకంటే జనం ఎక్కువయ్యారు. విమానంవాళ్లు డీలర్ల గుంపులోంచి ఒక్కణ్ని ఏరి ముందున్న బిజినెస్ క్లాసులో కూర్చోబెట్టారు. ఆ ఒక్కడు సుబ్బరాయుడు. వెడల్పాటి సీటు, బల్ల మీద తెల్లగుడ్డ, మొహం తుడుచుకోవడానికి వేడి తువాలు, పింగాణీ పళ్లెంలో భోజనం. మిగతావాళ్లు తెర వెనకాల మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే తను కాళ్లు బారజాపి నిద్రపోయాడు. అంత సుఖం అతను పెళ్లిలో కూడా ఎరగడు.

అప్పట్నించీ కొట్లో అద్దాల బీరువాలో మందు డబ్బాల మధ్య విమానం చెంచా, కళ్లకు కట్టుకునే నల్లగుడ్డ, ఒక జత మేజోళ్లు చేరాయి. దుబాయ్, కువైట్ వెళ్లేవాళ్లు పెరుగుతున్న రోజులు. నందిగామ నుంచీ వీరులపాడు నుంచీ మొదటిసారి విమానం ఎక్కబోయేవాళ్లు సలహా కోసం వచ్చేవాళ్లు. పురుగుమందు వాసన మధ్య బెంచీ మీద కూర్చోబెట్టి అతను పాఠం చెప్పేవాడు. జనం అతనికి బిజినెస్ క్లాసు సుబ్బరాయుడని పేరు పెట్టారు. వెటకారానికి పెట్టిన పేరే గాని, అతను దాన్ని బిరుదులాగే పుచ్చుకున్నాడు.

నందిగామలో ఉండే అతని మేనకోడలు భారతీదేవికి మాత్రం అతనంటే రోత. ఆమె కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. ఆ డబ్బాల్లో ఉన్నదేమిటో, అది చర్మంలోంచి ఒంట్లోకి ఎలా దిగుతుందో చదువుకున్న మనిషి. సుబ్బరాయుడు ఎడమచేతి చిటికెనవేలికీ బొటనవేలికీ గోళ్లు పెంచేవాడు. చిటికెనవేలి గోటితో చెవి గెలుక్కునేవాడు, బొటనవేలి గోటితో మందు పొట్లాలు చించేవాడు, అదే చేత్తో భారతి కూతురి బుగ్గలు పుణికేవాడు. అతను గడప దాటగానే ఆమె పాప మొహాన్ని సబ్బుతో కడిగేది. తల్లి రత్తమ్మకి అది కష్టంగా ఉండేది. తమ్ముడు వీధి మలుపు తిరగకముందే ఆ కడుగుడేమిటని కూతుర్ని సాధించేది.

ఎనభై నాలుగులో భారతి దుబాయ్ వెళ్లాల్సి వచ్చింది. భర్త భవానీప్రసాద్ అక్కడ ఇంజనీరు. కూతురు పుట్టాక అతను పాపను చూడనేలేదు. భారతి దిగులంతా పాప చెవి గురించి. అప్పటికే రెండుసార్లు చెవిలో చీము పట్టింది. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలి ఒత్తిడి మారుతుందనీ, ఆ రెండు సమయాల్లో పాప పాలు మింగుతూ ఉంటే చెవికి ప్రమాదం ఉండదనీ నందిగామ డాక్టరు చెప్పాడు. బాగా ఏడ్చి ముక్కు దిబ్బడేస్తే పాలు తాగదు, అప్పుడు చెవికి ముప్పు అని కూడా అన్నాడు. అంటే పాపను ఏడవకుండా దుబాయ్ చేర్చాలి. భారతికి ఆ ప్రయాణంలో కావలసింది ఇదొక్కటే. అందుకే ఎదురుగోడకి ఉయ్యాలతొట్టి తగిలించే సీటు కావాలని భర్త చేత ముందే అడిగించింది.

చంటిపిల్లతో ఒంటరిగా పంపడానికి రత్తమ్మ ఒప్పుకోలేదు. తోడు నేనెళ్తానని సుబ్బరాయుడు లేచాడు. భవానీప్రసాద్ వీసా పంపాడు. వద్దనడానికి భారతి దగ్గర ఇంట్లోవాళ్లు ఒప్పుకునే కారణం ఒక్కటీ లేదు.

హైదరాబాదు బస్సులో దారి పొడుగునా పాఠం. టికెట్టు హైదరాబాదు నుంచి దుబాయ్ దాకా ఒకటే ఉండాలన్నాడు. బొంబాయి దాకా ఒకటి, అక్కణ్ణించి ఒకటి విడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోవాడు నువ్వెవరో నాకు తెలీదంటాడట. బొంబాయిలో దేశం లోపలి విమానాలు దిగేచోటు వేరు, పరదేశం విమానాలు ఎక్కేచోటు వేరు కాబట్టి రెండింటి మధ్యా బాగా వ్యవధి పెట్టుకోవాలట. ప్రయాణానికి ముందు మళ్లీ ఫోను చేసి వస్తున్నామని చెప్పకపోతే పేరు కొట్టేస్తారట. ఇవన్నీ సబబైన మాటలే. అలాంటి నోట్లోంచి సబబైన మాటలు రావడం భారతికి మరింత చిరాకు పుట్టించింది.

ఆ తర్వాత అసలు పాఠం మొదలైంది. ముందు క్లాసులోకి మారాలంటే సఫారీ సూటు వేసుకోవాలి, తాళ్లు కట్టిన అట్టపెట్టెలు దగ్గర ఉండకూడదు. అడిగేది కౌంటర్లో పిల్లని కాదు, ఆమె వెనక తిరిగే ఆఫీసరుని. పక్కవాళ్లకి వినపడకుండా అడగాలి. ఖాళీ ఉంటే ఒకటో రెండో సీట్లు ఉంటాయి కాబట్టి కుటుంబమంతా ఒక బుకింగులో ఉంటే ఎవరినీ కదపరు. అందుకే తమ ఇద్దరి బుకింగులూ విడివిడిగా చేయించానన్నాడు. అదేమిటని భారతి అనేలోపే అసలు సంగతి చెప్పాడు.

"అన్నిటికంటే ముఖ్యం జాలమ్మాయ్. ఉన్నోడు డబ్బెట్టి కొనుక్కుంటాడు. మనబోటోళ్లకి జాలే టికెట్టు. అవతలోడికి అది పుట్టించాల, అంతే."

ఎలా పుట్టించాలో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. కిటికీ వైపు తిరిగి పాప మొహాన ఎండ పడకుండా కొంగు పట్టుకుంది.

హైదరాబాదులో విమానం ఆలస్యమైంది. బొంబాయిలో దిగి రెండో విమానాశ్రయానికి చేరేసరికి దుబాయ్ కౌంటరు మూసే వేళయింది. అయినా దుబాయ్ దాకా టికెట్టు ఒకటే కావడంతో వాళ్ల పేర్లు తీసెయ్యలేదు. చూశావా అన్నట్టు సుబ్బరాయుడు కళ్లెగరేశాడు. వరసలో ఇంకా నలుగురైదుగురున్నారు. పాస్‌పోర్టులు తీయడానికి భారతికి రెండు చేతులూ కావలసి వచ్చింది. సుబ్బరాయుడు చేతులు కడుక్కొచ్చాకే పాపను అతనికి ఇచ్చింది. పాప హాయిగా నిద్రపోతోంది. దారి పొడుగునా ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు.

కౌంటరు దగ్గరికి చేరుతుండగా పాప కెవ్వుమంది. అది ఆకలి ఏడుపు కాదు, నిద్ర చెడిన ఏడుపూ కాదు. ఊపిరి బిగబట్టి, నీలంగా మారి, మళ్లీ కెవ్వుమనే ఏడుపు. హాలంతా తిరిగి చూసింది. వెనక నిలబడ్డ ఆఫీసరు ముందుకొచ్చాడు. భారతి పాపను లాక్కుంది. జడుసుకుందనీ, తీసుకెళ్లి మొహం కడిగి తెమ్మనీ, ఇక్కడ సంగతి తను చూసుకుంటాననీ సుబ్బరాయుడు ఆమెను తొందరపెట్టాడు.

ఆడవాళ్ల గదిలో ఆమె పాప బట్టలు విప్పి చూసింది. మొదట పిన్నీసు అనుకుంది. పిన్నీసు పెట్టింది పెట్టినట్టే ఉంది. చీమేమోనని మడతలన్నీ దులిపింది. అప్పుడు కనిపించింది. కుడితొడ లోపలివైపు, నెలవంకలా ఒక గాటు. దానికి ఎదురుగా ఇంకొకటి. రెంటి మధ్యా కందిపోయిన చర్మం, ఒక గాటులో చిన్న నెత్తురుబొట్టు. చీమకి రెండు గోళ్లు ఉండవు. ఆ గోళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో ఆమెకి తెలుసు. ఒక చేత్తో పాపను పట్టుకునే కుళాయి తిప్పింది. తర్వాత ఆ చోటును సబ్బుతో ఎన్నిసార్లు కడిగిందో ఆమెకే తెలీదు.

బయటికొచ్చేసరికి సుబ్బరాయుడు బోర్డింగ్ కార్డులు పట్టుకుని గంతులేస్తున్నట్టు నడుస్తున్నాడు. తలుపు మూసేస్తున్నారు పద పదమంటూ ఒక కార్డు ఆమె చేతిలో పెట్టి పరుగందుకున్నాడు. విమానంలోకి అడుగుపెట్టగానే మొదటి వరసల్లోనే ఆగిపోయి కూర్చున్నాడు. ఆమె పాపతో అతన్ని దాటుకుని, తెర దాటుకుని, చివరిదాకా నడిచింది. ఆమె సీటు ఇద్దరు మేస్త్రీల మధ్య ఉంది. ఎదురుగా గోడా లేదు, తొట్టీ లేదు.

విమానం లేచింది. పాప పాలు తాగలేదు. ముక్కు దిబ్బడేసింది, నోట్లో పెట్టిన పాలపీకను నాలుకతో తోసేసింది. చెవి పట్టుకుని గింజుకుంది. పక్కనున్న మేస్త్రీ లేచి ఆమెకి రెండు సీట్లు వదిలి నడవలో నిలబడ్డాడు. అంతలో ఎయిర్ హోస్టెస్ వచ్చి, ముందు సీటు ఎందుకు వద్దన్నారని ఇంగ్లీషులో అడిగింది. భారతికి అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. పాప ఏడుపు చూసి ఆఫీసరు తల్లీబిడ్డలకి బిజినెస్ క్లాసులో ఉన్న ఒక్క ఖాళీ సీటూ ఇచ్చాడు. వెనక తొట్టి ఉన్న సీటు వేరే వాళ్లకి వెళ్లింది. ఈలోగా వెంట ఉన్న పెద్దాయన, మా అమ్మాయికి ముందు కూర్చోవడం బిడియం, నేను గుండెజబ్బు మనిషిని అని చెప్పి ఆ కార్డు తను తీసుకుని, వెనక తన సీటు ఆమెకి మార్పించాడు.

ఆయన్ని లేపుతాను రమ్మంది హోస్టెస్. భారతి వెళ్లింది. సుబ్బరాయుడు కళ్లకి నల్లగుడ్డ కట్టుకుని, బూట్లు విప్పి, కాళ్లు చాపి పడుకున్నాడు. హోస్టెస్ భుజం తట్టింది. గుడ్డ ఎత్తి ఎదురుగా మేనకోడల్ని చూశాడు, చంకలో గుక్కపట్టి ఏడుస్తున్న పాపను చూశాడు. చూసి, నెమ్మదిగా ఛాతీ మీద చెయ్యి వేసుకుని మూలగడం మొదలెట్టాడు. పక్క సీట్లవాళ్లు లేచారు. ఒకరు నీళ్లు తెమ్మన్నారు, ఒకరు డాక్టరున్నారా అని కేకేశారు. హోస్టెస్ మోకాళ్ల మీద కూర్చుని అతని చొక్కా గుండీలు విప్పింది. ఆ మూలుగుల మధ్యే అతను ఒక కన్ను తెరిచి భారతి వెళ్లిందా లేదా అని చూశాడు.

ఆమె వెనక్కి వచ్చేసింది. అరిస్తే ఆ గుంపులో పాప ఇంకా బెదిరిపోతుంది. విమానం దిగేటప్పుడు మళ్లీ అదే నరకం. చక్రాలు నేలకు తగిలేసరికి పాప ఏడుపు ఆపేసింది. చెవిలోంచి పచ్చగా చీము, దాని వెంట నెత్తుటి చార ఆమె జాకెట్టు మీదికి కారాయి.

భవానీప్రసాద్ కూతుర్ని మొదటిసారి చూసి, అక్కణ్ణించి అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కర్ణభేరి చిల్లు పడింది. అదృష్టం కొద్దీ పూడుకుంది. తర్వాత చాలాకాలం భారతి రోజూ పొద్దున్నే పాప వెనక నిలబడి రహస్యంగా పేరు పిలిచి, తల తిప్పుతుందో లేదో చూసుకునేది. మావయ్య చేసింది భర్తకి చెప్పింది.  అతను, పెద్దాయన మనకోసం ఇంత దూరం వచ్చాడు, ఇక్కడుండే పది రోజులూ ఏమీ అనకు అన్నాడు. ఆ పది రోజులూ ఆమె సుబ్బరాయుడికి అన్నం పెట్టింది. పాపను మాత్రం అతని చేతికి ఇవ్వలేదు.

మూడేళ్ల తర్వాత వేసవిలో ఆమె నందిగామ వచ్చింది. బంధువులింట్లో అన్నప్రాశన. భోజనాల ముందు వసారాలో సుబ్బరాయుడు మంచం మీద కూర్చుని, చుట్టూ మూగినవాళ్లకి దుబాయ్ ప్రయాణం చెబుతున్నాడు. ఇప్పుడతని పాఠంలో కొత్త మాట చేరింది. చంటిపిల్ల వెంట ఉంటే సగం పని అయిపోయినట్టేనట. కౌంటరు దగ్గర ఏడుపు అందుకుంటే ఎంతటివాడి మనసైనా కరుగుతుందట.

భారతి గుమ్మంలో నిలబడి వింది.

"పాప ఎందుకేడ్చిందో కూడా చెప్పు మావయ్యా" అంది.

"పసిపిల్లలన్నాక ఏడవరటే?"

"నువ్వు గిల్లావు. నిద్రపోయే పిల్లని తొడమీద నెత్తురొచ్చేట్టు గిల్లావు. దిగేసరికి దాని చెవి పగిలింది. నువ్వు మాత్రం ముందు సీట్లో పడుకున్నావు."

 సుబ్బరాయుడు తల వంచుకుంటాడేమోనని ఆమె చూసింది. అతను తొడ చరుచుకుని నవ్వాడు.

"గిల్లకపోతే వాళ్లు కదుల్తారటే పిచ్చిదానా?"

దాంతో అందరికీ నవ్వొచ్చింది. అదా కిటుకు అన్నాడొకడు. ఎంత గట్టిగా గిల్లాలి బాబాయ్ అని ఇంకొకడు. రత్తమ్మ లోపల్నించి వచ్చి, నలుగురిలో పెద్దవాణ్ని పట్టుకుని ఆ మాటలేమిటని కూతుర్నే కసిరింది. భారతికి ఆ ఇంట్లో గాలి పీల్చడమే అసహ్యమనిపించింది. 

పెరట్లోకి వెళ్తే అరుగు మీద ఆ ఇంటి కోడలు బేబి పిల్లాడికి పాలిస్తూ కూర్చుంది. వచ్చే నెల దుబాయ్‌లో మొగుడి దగ్గరికి వెళ్తోంది. వసారాలో మాటలన్నీ విన్నది. భారతి పక్కన కూర్చుని అన్నీ వివరంగా చెప్పింది. ఒకే టికెట్టు తీసుకోమంది, తొట్టి సీటు ఇప్పుడే అడిగించమంది, లేచేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పట్టమంది, పిల్లాణ్ని ఎవరి చేతికీ ఇవ్వొద్దంది. బేబి బుద్ధిగా తలూపింది.

"నెత్తురు రాకుండా గిల్లితే ఫర్లేదేమో కదక్కా?" అంది చివర్న.

భారతి ఆమె మొహంలోకి చూసింది. అందులో చెడ్డతనం ఏమీ లేదు. ఇరవై ఏళ్ల పిల్ల, వెడల్పాటి సీటు గురించి విన్న పిల్ల, అంతే. తోడెవరు వస్తున్నారని అడిగింది. సుబ్బరాయుడు బాబాయేనట. టికెట్లు కూడా ఆయనే తీయిస్తున్నాడట.

పాలు తాగి నిద్రలోకి జారుతున్న పిల్లాడి కాలు అరుగు అంచు మీంచి వేలాడుతోంది. భారతి ఆ కాలును మెల్లగా బేబి ఒళ్లోకి చేర్చింది. సెలవులు ఇంకా చాలా మిగిలున్నాయి. కూతురికి చెరువు చూపిస్తానని, తాటిముంజలు తినిపిస్తానని మాటిచ్చింది.

"ఆయన్ని రావద్దని నే చెప్తా. నా టికెట్టు ముందుకి జరిపించుకుని నీతో నేనొస్తా" అంది.

బేబి మొహం చిన్నబుచ్చుకుంది. కాసేపు పిల్లాడి జుట్టు సవరించి, నెమ్మదిగా అడిగింది.

"అట్టయితే మనకి ముందు సీటు రాదేమోనక్కా?"