వదిన చెరిపేసిన మాటలు

మొన్న అమలాపురంలో ఒక కాలేజీవాళ్ళు మా వదినను ఉపన్యాసానికి పిలిచారు. పరిచయం చేసిన కుర్ర లెక్చరరు "మేడంగారు ఆడవాళ్ళ మాటతీరు మీద ఎంతో పరిశోధన చేశారు" అనగానే, నా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన నావైపు వంగి, "ఆడాళ్ళ మాటల్లో పరిశోధనకేముందండీ?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. వదిన కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు రాజోలులో మా అమ్మకూ ఇదే సందేహం.

సంబంధం చూసినప్పుడే చెప్పారు, అమ్మాయి హైదరాబాదులో భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోందని. అదేదో తెలుగు పండితురాలి ఉద్యోగానికి దారి అనుకున్నారు మా నాన్నగారు. ఒకరోజు భోజనాల దగ్గర వదిన నెమ్మదిగా విప్పి చెప్పింది. "తమ్ముడు వచ్చాడు అంటాం, చెల్లి వచ్చింది అంటాం. బస్సు కూడా వచ్చిందనే అంటాం కదండీ, అత్తయ్యగారూ. ఆడవాళ్ళనీ బస్సునీ ఒక్క గాటనే కట్టాం. ఎందుకలా, ఎవరు ఎవరితో ఎలా మాట్లాడతారు అన్నదే నా చదువండి." అమ్మ పులుసు వడ్డిస్తూ, "బస్సొస్తే అందరూ లేచి నిలబడతారమ్మా" అంది. నాన్నగారికి పొలమారింది.

వదినకు కావలసింది మగవాళ్ళు దగ్గర లేనప్పుడు ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లు. అవి మా పెరటి వసారాలో కావలసినన్ని. మధ్యాహ్నం వంటింటి పని సర్దుకున్నాక చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి, చీపుళ్ళకోసం కొబ్బరాకుల ఈనెలు చీరుతూ కూర్చునేవారు. ఆడపిల్లనే కాబట్టి నేనూ వాళ్ళలోనే. పచ్చాకు వాసన, చాకులు గీరే చప్పుడు, ఎవరి గొంతు ఎవరిదో తెలియని మాటలు. వదిన అందరినీ అడిగి, సరేనన్నాకే చిన్న రికార్డరు పీట మీద పెట్టింది. మొదట్లో దానికేసి చూస్తూ, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ముక్తసరిగా మాట్లాడారు. తర్వాత దాని సంగతే మరిచిపోయారు.

అందరిలోకీ తక్కువ మాట్లాడేది ఎదురింటి అక్క. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అంది: "ఫోన్లో ఆయనే మాట్లాడతారండీ. నేను ఆయ్, ఆయ్ అంటాను. పెట్టేశాక, చెప్పాలనుకున్నవన్నీ గోడతో చెప్పుకుంటాను." ఆపైన ఆమె ఆగలేదు. అత్తగారి సంగతి, ఇంట్లో తనను అడగకుండా జరిగిపోయే పనులు, అన్నీ చెప్పింది. చాకులు ఆగిపోయాయి. తన చదువుకు ప్రాణమంతా ఆ మాటల్లోనే ఉందని ఆ సాయంత్రం వదిన నాతో అంది. మొహం వెలిగిపోతోంది.

ఆ వెలుగు ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ మాటలన్నీ హైదరాబాదులో మైకు పెట్టి వినిపిస్తారట అని వీధిలో ఎవరో పుట్టించారు. వసారా ఖాళీ అయింది. ఎదురింటి అక్క మాత్రం పెరటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. "ఆయన చెవిన పడితే నా కాపురం ఏమైపోద్దండీ?" పేరు రాయననీ, ఎవరికీ వినిపించననీ వదిన ఎంతో చెప్పింది. అక్క తలూపింది గానీ అక్కణ్ణించి కదల్లేదు.

అమ్మ అడిగింది: "అది తీసేస్తే నీ చదువు ఆగిపోద్దా, అమ్మాయ్?"

"ఆగిపోవచ్చండి, అత్తయ్యగారూ." సరైన రికార్డింగులు లేకపోతే విషయమే మార్చుకోమని గైడు అప్పటికే చెప్పి ఉన్నారు.

వదిన రికార్డరు తెచ్చి అక్క కళ్ళముందే అంతా చెరిపేసింది. కంప్యూటరులోని కాపీ కూడా, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని తీసేసింది. అక్క గట్టిగా ఊపిరి వదిలింది. వదిన వంటింట్లోకి వెళ్ళి, ఆ పూట ఎవరికీ అక్కర్లేని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

వారం తర్వాత అందరికన్నా ముందు వసారాలోకి వచ్చింది అక్కే. ఆమె వెనకాలే మిగతావాళ్ళు. "పెట్టండమ్మా మీ మిషను. ఈసారి తెలిసే మాట్లాడతాను" అంది. ఆ పాత మాటలు మళ్ళీ రాలేదు, కొత్తవి వచ్చాయి. "నిన్న ఫోన్లో 'కాస్త ఆగండి, నేనూ ఒకటి చెప్పాలి' అన్నానండీ. ఏమంటారో అని గుండె దడదడలాడిపోయింది."

"మరి ఆగేరా?" అంది అమ్మ, చేతిలో ఈనె అలాగే పట్టుకుని.

"ఆయ్, ఆగేరండి! లైను తెగిపోయిందేమో అని నేనే హలో, హలో అన్నాను."

వసారా అంతా గొల్లుమంది. వదిన నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అవి ఏ కన్నీళ్ళో నేను అడగలేదు.

థీసిస్ ఆలస్యమైంది గానీ ఆగలేదు. తర్వాత విశాఖపట్నంలో ఉద్యోగం, పుస్తకాలు, దేశదేశాల సదస్సులు. ఎక్కడికి వెళ్ళినా, ఎవరి మాటలు తీసుకున్నా, ముందు వాళ్ళకే వినిపించి, వద్దన్నది తీసేయడం వదినకు పద్ధతైపోయింది. మొన్న సభ అయ్యాక కారులో వస్తూ అడిగాను, ఆరోజు వాళ్ళు తిరిగి రాకపోయుంటే ఏం చేసేదానివని. "ఏమో. ఆ వారమంతా అన్నం సయించలేదు" అంది, కిటికీ అద్దం దించుకుంటూ. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నాల్లోంచి భయాన్నంతా కాలం ఎప్పుడో తీసుకుపోయింది, నవ్వును మాత్రం ఎందుకో మా దగ్గరే ఉంచింది.